బెన్హర్ పెట్టిన రెండు చుక్కలు

బెన్హర్ ఇంగ్లీషు అక్షరాలు రాస్తాడు, చదవలేడు. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. నేను కావలిలో రంగుల అంగడి పెట్టి ముప్పై రెండేళ్ళయింది. కుంచె పట్టినవాళ్ళను ఎంతమందినో చూశాను. సగం మందికి చేతిలో కంటే నోట్లోనే పనితనం ఎక్కువ. బెన్హర్ అలా కాదు. వస్తాడు, తెల్ల ఎనామిల్ డబ్బా మూత తీయించి పుల్లతో కలిపి చూస్తాడు, పల్చగా ఉంటే నా మొహాన పెట్టేసి పోతాడు. నాకు ఒళ్ళు మండుతుంది. అయినా వాడు రాసిన A పక్కన ఇంకెవరు రాసిన A అయినా చచ్చినట్టు ఉంటుంది కాబట్టి, నోరు మూసుకుని ఇంకో డబ్బా తీస్తాను.

వాడి నాయన జీవానందం బిట్రగుంట రైల్వే షెడ్డులో వ్యాగన్ల మీద అక్షరాలు రాసేవాడు. ఆయన పోతూ పోతూ కొడుక్కి ఒక రేకు పెట్టె మిగిల్చాడు. అందులో అరిగిపోయిన కుంచెలు, అక్షరాల నమూనాలు అచ్చువేసిన దళసరి అట్టలు ఉండేవి. ఎవరో దొర ఇచ్చిపోయాడని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. ఆ అట్టల్లో మామూలు ఇంగ్లీషు అక్షరాలు కొన్ని, నెత్తిన ఏవేవో పెట్టుకున్నవి కొన్ని. ఒక A మీద సున్న, ఒక A మీద రెండు చుక్కలు, ఒకదాని మీద ఇంటి కప్పు, ఒక N మీద అల, ఇంకో A కింద తోక. ఆరో తరగతిలోనే బడికి దండం పెట్టిన బెన్హర్‌కు అవి అచ్చం నగల్లా కనిపించాయి. "మన ఆడోళ్ళు పాపిటబిళ్ళ పెట్టుకోరా అన్నా, దొరల అక్షరాలు గూడా అట్టాగే సింగారించుకుంటాయేమో" అనేవాడు. నేనూ అంతే అనుకున్నాను. రంగులమ్ముకునేవాడికి అంతకంటే ఏం తెలుస్తుంది?

పెళ్ళయ్యాక బెన్హర్ సముద్రం ఒడ్డున జువ్వలదిన్నె చేరాడు. అక్కడ చేపల వేటకు పోయే ప్రతి ఫైబర్ పడవ ముక్కు మీదా సర్కారు నంబరు రాయాలి. ముందు IND, తర్వాత AP, ఆ తర్వాత అంకెలు. అన్నీ నీలం పడవలే, అన్నిటి మీదా తెల్ల అక్షరాలే. ఒడ్డున నిలబడి ఎదురుచూసే ఆడవాళ్ళకు ఏది ఎవరిదో పడవ ఇసుకను తాకేదాకా తెలిసేది కాదు. ఒకరోజు ఒక ముసలామె బెన్హర్‌ను నిలదీసింది. "అంత చక్కంగా రాస్తావు, మా బోటేదో మాకు తెలిసేటట్టు ఏదన్నా గుర్తు పెట్టకూడదంటయ్యా?" బెన్హర్‌కు నాయన అట్టలు గుర్తొచ్చాయి. ఆమె పడవ మీద AP లోని A నెత్తిన సున్న పెట్టాడు. వారం తిరక్కుండా ఊరంతా వాడి గుమ్మంలో ఉంది. ఒకరింటికి అల, ఒకరింటికి కప్పు, ఒకరింటికి తోక. పెంచల్ అని ఆ ఊరి కుర్రాడు, అతని నాయన రెండు చుక్కలు అడిగి తీసుకున్నాడు. అంకెలు కంటికి ఆనకపోయినా ఆ గుర్తులు ఆనేవి, అంత పెద్దవిగా పెట్టేవాడు.

అది క్రమంగా ఊరి కట్టుబాటయిపోయింది. గుర్తు ఇంటిది, పడవది కాదు. పడవ పాతబడి పక్క ఊరికి అమ్ముడుపోతే, గుర్తు మాత్రం ఊరు దాటకూడదు. లప్పం రేకుతో గీకి, ఉప్పు కాగితంతో రుద్ది, ఆ అక్షరాన్ని ఆనవాలు లేకుండా చెరిపేశాకే పడవ కదలాలి. ఆ చెరిపే పనీ బెన్హర్‌దే. పెట్టిన చెయ్యే తీయాలనేవాళ్ళు. కొన్నేళ్ళకు ఒడ్డు పొడుగునా తెలిసిపోయింది, అక్షరాల నెత్తిన గుర్తులుంటే అది జువ్వలదిన్నె పడవేనని.

ఇలా ఉండగా కెజియా వచ్చింది. బిట్రగుంటలో ఒక బళ్ళో ఇంగ్లీషు చెప్పే పిల్ల, బెన్హర్ చిన్నప్పటి చర్చికే వెళ్తుంది. ఒక ఆదివారం సండేస్కూలు పిల్లలను సముద్రం చూపించడానికి తీసుకొచ్చి, పడవల ముందు నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

"అంకుల్, ఈ అక్షరాలు మీకెవరు నేర్పించినారు?"

"అక్షరాలు గాదు తల్లీ, పైవి ఊరికే సింగారం."

"సింగారమేంది అంకుల్! ఇవి నిజమైన అక్షరాలు. కొన్ని దేశాల్లో పిల్లకాయలు బళ్ళో దిద్దుకునేవే. మనకు గుడీ కొమ్మూ పెడితే పలుకు మారదా, వాళ్ళకీ అట్టాగే. ఈ చుక్కలుంటే ఒక పలుకు, లేకుంటే ఇంకో పలుకు." ఫోనులో వెదికి ఒక్కొక్కటే చూపించింది.

బెన్హర్ ఇసుకలో చతికిలపడ్డాడట. మర్నాడు పొద్దున్నే నా అంగడికొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "అన్నా, ఇన్నేండ్లుగా ఎవురి భాషో మన బోట్ల మొకాన రాస్తా ఉండాను. ఏం రాసినానో ఏమో. తిట్టు రాసినానేమో. శాపం రాసినానేమో" అన్నాడు. నేను పగలబడి నవ్వాను. వాడు నవ్వలేదు. మూడు రోజులు కుంచె ముట్టలేదు. ఆ మూడు రోజులూ ఒక పడవ నంబరు సగంలో ఆగిపోయి, దాని యజమాని నా మీదకొచ్చి అరిచాడు, నేనేదో బెన్హర్‌ను దాచిపెట్టినట్టు.

నాలుగో రోజు వాడే నాయన అట్టలు చంకన పెట్టుకుని కెజియా ఇంటికి వెళ్ళాడు. అందులో తిట్లేమీ లేవని ఆ పిల్ల ఒట్టుపెట్టి చెప్పాక గాని నెమ్మదించలేదు. అట్టలు చెమ్మకు ఉబ్బి గీతలు అలుక్కుపోయాయని, ఇన్నాళ్ళూ కొన్ని తప్పుగా దిద్దుతున్నానని అప్పుడు తెలిసింది. రెండు చుక్కల్ని వాడు A కి చెవుల్లా రెండు పక్కలా పెట్టేవాడు. అసలైతే నెత్తి మీద దగ్గర దగ్గరగా కూర్చోవాలి. "అక్షరమని తెలిసినాక వంకరగా రాస్తే పాపం గదన్నా" అని, ఆ వేసవిలో వేట నిషేధం పెట్టినప్పుడు ఊళ్ళో ప్రతి పడవనూ మళ్ళీ దిద్దాడు. ఎవరూ అడగలేదు. వాడి ఛాదస్తం వాడిది.

ఆ రెండు చుక్కలే రెండేళ్ళ కిందట మా అందరి గుండెలూ ఆగేలా చేసింది.

ఆ డిసెంబరు తుఫానుకు ముందు హెచ్చరిక వచ్చింది. పడవలన్నీ వెనక్కి తిరిగాయి. పెంచల్ పడవ తిరగలేదు. అతనితో ఇంకా ముగ్గురున్నారు. పెంచల్‌కు ముప్పై అయిదేళ్ళుంటాయి. భార్య చెంచులక్ష్మి బిట్రగుంట స్టేషను దగ్గర చేపలు అమ్ముతుంది. బేరమాడితే తట్టెత్తుకుని లేచిపోయే మనిషి. నాతోనే రెండుసార్లు పోట్లాడింది. గాలి తగ్గిన మూడో రోజుకు కూడా పడవ జాడ లేదు. ఆమె రేవు గట్టు దిగి ఇంటికి పోవడం మానేసింది.

ఆ రోజే ఫోన్లలోకి ఒక ఫొటో వచ్చింది. దక్షిణాన, చిట్టమూరు దాటి సముద్రం ఒడ్డునుండే ఒక పాలెంలో పడవ ముక్క కొట్టుకొచ్చిందట. మూరెడు ముక్క. నీలం మీద తెల్లటి A, దానికి రెండు చుక్కలు. 'జువ్వలదిన్నె గుర్తు, చూసుకోండి' అని ఆ ఊరివాళ్ళు పంపించారు.

నేను ఆ వేళ రేవులోనే ఉన్నాను. ఫోను చేతులు మారుతూ బెన్హర్ దగ్గరకొచ్చింది. చెంచులక్ష్మి వాడి చొక్కా పట్టుకుంది.

"అన్నా, అది నీ చెయ్యా కాదా? అదొక్కటి జెప్పు."

బెన్హర్ ఫొటోకేసి చూశాడు. "చెయ్యి నాదేమ్మా" అన్నాడు.

ఆమె అరవలేదు. చొక్కా వదిలేసి నేల మీద కూర్చుండిపోయింది. నిన్నటిదాకా నా మీద గయ్యిమన్న మనిషి కళ్ళు అలా తెరుచుకునే ఉన్నాయి, రెప్ప పడటం లేదు. ఊళ్ళో ఆ ఒక్క ఇంటికే రెండు చుక్కలు. ఇంక చెప్పడానికేముంది? ఆడవాళ్ళు ఏడుపందుకున్నారు. నాకు బెన్హర్ మీద పట్టరాని కోపం వచ్చింది. తెలియదనో, సరిగా కనపడలేదనో అంటే వాడి సొమ్మేం పోయింది?

మర్నాడు నేను షట్టరు ఎత్తేసరికి వాడు అంగడి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"అన్నా, ఆ చుక్కలు ఎడంగా ఉండాయి."

"ఏ చుక్కలు?"

"ఫొటోలో చుక్కలు. చెవుల మాదిరి ఉండాయి. పెంచల్ బోటుకు నేను దగ్గిర దగ్గిరగా దిద్దినాను గదా. అది కెజియా టీచరమ్మ చెప్పకముందు రాసిన రాత."

నాకు వెంటనే ఎక్కలేదు. చెప్పకముందు రాసిన రెండు చుక్కలంటే పెంచల్ వాళ్ళ నాయన కాలపు పాత పడవ. అది అమ్ముడుపోయి అప్పటికి ఏడేళ్ళు.

"ఆ పడవ మీద గుర్తు నువ్వే చెరిపేశావు కదరా?"

బెన్హర్ తల వంచుకున్నాడు. "చెరపలేదన్నా."

ఏడేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట అప్పుడు చెప్పాడు. కొన్నవాళ్ళు గుడ్ ఫ్రైడే నాడు వచ్చారు. వేట నిషేధం మొదలయ్యేలోపల పడవను తమ ఊరు చేర్చుకోవాలని వాళ్ళ తొందర. చర్చిలో మూడు గంటల ఆరాధన మొదలు కాబోతోంది. నవోమి, అంటే బెన్హర్ భార్య, తెల్లచీర కట్టుకుని గుమ్మంలో నిలబడి కేకలేస్తోంది. గీకాలంటే పూట పడుతుంది. వాడు గీకలేదు. నీలం రంగు రెండు పూతలు గబగబా పూసేసి, అయిపోయిందని చెప్పి చర్చికి పరుగెత్తాడు. "ఆ దినం యేసుప్రభువు పాటలు పాడతా ఉండానే గాని, మనసంతా ఆ రెండు చుక్కల మీదే ఉండిందన్నా" అన్నాడు. కొన్నవాళ్ళు ఆ నీలం మీదే తమ అక్షరాలు రాయించుకుని ఉంటారు. ఇన్నేళ్ళ ఉప్పునీళ్ళు, మొన్నటి తుఫాను కలిసి పైపూత ఊడగొట్టి కింది అక్షరాన్ని బయట పెట్టాయి.

"కొన్నాయన పేరు గుర్తుందా?"

"మస్తానయ్య. చిట్టమూరు పక్క పాలెం" అన్నాడు.

ఫొటోలో చుక్కల ఎడం చూసి ప్రాణాల సంగతి తేల్చలేం. ముక్కను చేత్తో పట్టుకోవాలి. అక్కడ నా అవసరం ఉంది. పెంచల్ ఇప్పటి పడవ తెల్ల ఫైబరు మీద నేరుగా నీలం పూసినది. పాత పడవకు మాత్రం ముందు పసుపు వేశారు. ఆ పసుపు నా పాపమే. తప్పు కలిపి పంపిన రంగు, ఎవరూ ముట్టని ముదురు పసుపు, మూడేళ్ళు అంగట్లో మూలిగాక పెంచల్ నాయనకు నచ్చజెప్పి అంటగట్టాను. నీలం కింద పసుపుంటే ఆ ముక్క పాత పడవది. పెంచల్ పడవకు ఏమైందో తెలియకపోయినా, ఈ ముక్క మాత్రం దానిది కాదని తేలిపోతుంది.

రంగు డబ్బాలు మోసే నా వ్యానులో బయలుదేరాం. దారి పొడుగునా నేనే మాట్లాడాను. పసుపుంటే చెంచులక్ష్మికి ముందు ఎలా చెప్పాలి, ఎవరితో ఫోను చేయించాలి, ఇవే నా మాటలు. బెన్హర్ నోరు విప్పలేదు. వాడికి భయంగా ఉందనుకున్నాను. వాడు అప్పటికే ఆలోచిస్తున్నదేమిటో నా మట్టిబుర్రకు తట్టలేదు.

పాలెంలో వలల పాక కింద ఆ ముక్కను పెట్టి పైన గోనెపట్టా కప్పారు. పక్కన ఎవరో అగరొత్తులు కూడా వెలిగించారు. మేం జువ్వలదిన్నె నుంచి వచ్చామనగానే జనం పక్కకు జరిగి దారిచ్చారు. ఒకామె స్టీలు చెంబుతో మజ్జిగ తెచ్చింది. ముప్పై దాటని మనిషి.

"తాగండన్నా. ఎండన పడొచ్చినారు. మీ ఊరోళ్ళ సంగతి తెలిసినకాడి నుంచి మాకు ముద్ద దిగలేదు. ఆ తల్లి ఎవురో, ఎట్టా ఓర్చుకుంటా ఉండాదో."

బెన్హర్ చెంబు అందుకోలేదు. నేను అందుకుని గటగటా తాగాను. వాడు పట్టా తీసి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చుక్కలు నిజంగానే ఎడంగా ఉన్నాయి. జేబులోంచి లప్పం రేకు తీసి ఒక మూల నీలాన్ని గీకాడు. ఒక పొర లేచింది. రెండోది లేచింది. కింద పసుపు.

నా పసుపే. ఎక్కడున్నా గుర్తుపడతాను. "పసుపురా బెన్హరూ!" అని అరిచాను. ఇంకా ఏదో అనబోయాను, పెంచల్ బతికే ఉంటాడనో, చెంచులక్ష్మికి ఫోను చెయ్యమనో. బెన్హర్ నా మణికట్టు పట్టుకున్నాడు. అంత గట్టిగా వాడు నన్నెప్పుడూ పట్టుకోలేదు.

మజ్జిగ తెచ్చినామె వంగి చూసింది. "పసుపైతే ఏందన్నా? మీ బోటు గాదా?"

"నీ పేరేందమ్మా?" బెన్హర్ గొంతు నాకే వినపడనంత చిన్నగా ఉంది.

"పుష్పకుమారి."

"మీ ఆయన?"

"మస్తానయ్య. కృష్ణపట్నం పక్క ఒడ్డుకు చేరుకొనుంటారన్నా, అన్నదమ్ములిద్దురూ. కొన్ని బోట్లు ఆడ ఆగినాయంట. ఫోను కలవడంలా, అంతే."

అప్పుడు నాకు అర్థమైంది. నూరు కిలోమీటర్ల దూరం నోరు ఆడించుకుంటూ వచ్చాను, ఈ పడవలోనూ మనుషులున్నారన్న ఊహే నాకు రాలేదు. ఈ ఊరివాళ్ళు నిన్నటి నుంచీ గుండె మీద చెయ్యేసుకుని ఉన్నది బెన్హర్ పెట్టిన ఆ రెండు చుక్కల్ని చూసే. గుర్తుంది కాబట్టి తమది కాదనుకున్నారు. పక్క ఊరి చావుకు ఏడుస్తూ మజ్జిగ కలిపి తెచ్చారు. ఆ మజ్జిగ నా గొంతులో ఇంకా చల్లగా ఉంది.

మేం చెప్పకుండా వచ్చేయొచ్చు. ఆ నిమిషాన నాకు అదే తోచింది, సిగ్గుపడకుండా చెబుతున్నాను. ఏదో ఒకటి సర్దిచెప్పి వ్యానెక్కేస్తే తర్వాత ఎవరి ద్వారానో తెలుస్తుంది. బెన్హర్ ఆమె ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, ఇది మీ బోటే. ఏడేండ్ల కిందట మీ ఆయన జువ్వలదిన్నెలో కొన్న బోటు. ఈ గుర్తు నేను చెరిపి పంపాల. చెరపకుండా పైన రంగు పూసి పంపినాను. తప్పు నాది."

పుష్పకుమారి వాడి మొహంలోకి చూసింది. "మా బోటుకు చుక్కల్లేవన్నా" అంది.

చుట్టూ ఉన్నవాళ్ళు ముక్కకేసి వంగారు.

"లేవన్నా. నేను దినామూ చూసే బోటు గదా. మా బోటుకు చుక్కల్లేవు" అంటూ కూలబడి, గీకిన చోట కనబడుతున్న పసుపు మీద అరచెయ్యి ఆనించి మూసేసింది. "గీకబాకండన్నా. ఇంక గీకబాకండి" అంది. ఆ చెయ్యి తీయించడానికి ముగ్గురు ఆడవాళ్ళు పట్టాల్సొచ్చింది. నాకు అరవై దాటాయి, ఇంట్లో చావులు చూశాను, నా కళ్ళ ముందే బస్సు బోల్తా పడటం చూశాను. ఆ అరచెయ్యి ముందు అవేవీ నిలవలేదు.

ఆ సాయంత్రమే జువ్వలదిన్నె రేవులో, ఊరంతా వింటుండగా, బెన్హర్ గుడ్ ఫ్రైడే సంగతి చెప్పాడు. కొందరు వాడిని తిట్టారు. చెంచులక్ష్మి తిట్టలేదు. "అంటే ఇంకా వస్తాడా అన్నా?" అని మాత్రం అడిగింది. తెలియదన్నాడు బెన్హర్. ఈసారి నిజంగానే తెలియదు.

పెంచల్ వచ్చాడు. ఇంజను చెడి, నలుగురూ ఎటో కొట్టుకుపోతుంటే మద్రాసు వైపు లాంచీ ఒకటి చూసి తాడు కట్టి లాక్కుపోయింది. రెండు రోజుల తర్వాత అక్కడి కాశిమేడు రేవు నుంచి ఫోను వచ్చింది. మస్తానయ్య, అతని తమ్ముడు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

పెంచల్ పడవను మరమ్మతు చేసి తెచ్చుకున్నాక ఆనవాయితీ ప్రకారం అక్షరాలు దిద్దడానికి బెన్హర్ వెళ్ళాడు. నేనూ ఉన్నాను, డబ్బా మోసింది నేనే. వాడు కుంచె ముంచి A నెత్తిన చుక్క పెట్టబోతుంటే చెంచులక్ష్మి అడ్డం వచ్చింది.

"వద్దన్నా. ఆ చుక్కలు చెరిపెయ్యి. అవి పాలెంలో ఆయమ్మ ఇంటివి ఇంక."

"గుర్తు లేకుంటే ఒడ్డు మీంచి ఎట్టా తెలుస్తాదమ్మా మీ బోటు?"

"తెలుస్తాదిలే" అంది.

బెన్హర్ ఆ రోజంతా గీకాడు. నీలం లేచిపోయి తెల్ల ఫైబరు కనపడేదాకా గీకాడు, ఉప్పు కాగితాలు నాలుగు అరగదీశాడు. మళ్ళీ నీలం వేసి ఉత్త A రాశాడు.

ఇప్పుడు సాయంత్రాలు పడవలు వరసగా వచ్చేటప్పుడు ఎవరి నెత్తిన సున్న, ఎవరి నెత్తిన కప్పు, ఎవరి నెత్తిన అల. ఏమీ లేనిది ఒక్కటే. చెంచులక్ష్మి అందరికంటే ముందు లేచి నిలబడి తట్ట సర్దుకుంటుంది. బెన్హర్ మాత్రం ఆ వేళకు ఒడ్డున ఉండడు.